పదకొండో గడి

వర్జీనియాలో మా ఊరు ఆష్‌బర్న్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా నన్ను అడిగే ప్రశ్నలు రెండే. మొదటిది నా మోకాళ్ళ గురించి. రెండోది, "అంకుల్, యూరో ఉంటుందా, పోతుందా?" అని. మోకాళ్ళ సంగతి డాక్టరుకు వదిలేశాను. రెండోదానికి ఇన్నేళ్ళు జీతం తీసుకున్నాను కాబట్టి ఏదో ఒకటి చెప్పక తప్పదు. "ఉంటుంది" అంటాను. అడిగినవాళ్ళు తృప్తిగా తలూపి బిర్యానీ వైపు వెళ్ళిపోతారు. ఎవరి ఖర్చు మీద ఉంటుందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

మొన్న అడిగింది హాసిని. మా వీధి చివర ఉండే స్నేహితుల అమ్మాయి, ఇక్కడే పుట్టి ఇక్కడే చదువుకుంది. ఈమధ్యే వాషింగ్టన్‌లో ఒక కంపెనీలో చేరింది. దేశాల రిస్కు అంచనా వేసే ఉద్యోగం, అంటే నేను చేసి దిగిపోయిన పనే. కొన్ని దేశాలు కలిసి కొత్తగా ఒక ఉమ్మడి కరెన్సీ పెట్టుకుందామని మాట్లాడుకుంటున్నాయట. దాని మీద నోట్ రాయమని ఆమెకు మొదటి వారంలోనే అప్పగించారు.

"అంకుల్, మీరు యాక్చువల్‌గా ఏం చేసేవారు? డాడీని అడిగితే ఎకానమీ స్టఫ్ అన్నారు. ఆన్‌లైన్‌లో మీ ప్రొఫైల్ చూశాను, అందులో అన్నీ టైటిల్సే ఉన్నాయి."

"టైటిల్స్ కోసమే కదమ్మా చేసింది" అన్నాను.

"నో, సీరియస్‌గా. నాకు ఎవరూ ఏం చెప్పట్లేదు. ట్రైనింగ్‌లో సాఫ్ట్‌వేర్ చూపించారు, అంతే."

అందుకని ఇది రాస్తున్నాను. ప్రమోషన్ల గురించి రాయను. వాటి గురించి మా ఆవిడ విజయకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు, ఆవిడా సగమే వినేది. నా ఉద్యోగమంతా ఒక గడి చుట్టూ తిరిగింది. ఆ గడి గురించి రాస్తాను.

ఒకే పొయ్యి

ముందు ఉమ్మడి కరెన్సీ అంటే ఏమిటో తేల్చుకుందాం. దాన్ని నడిపేవాళ్ళలో చాలామందికి ఆ అవసరం కలగలేదు కాబట్టి ఈ పని మనమే చేయాలి.

ఒక దేశానికి సొంత కరెన్సీ ఉంటే, సరుకు అమ్ముడుపోని రోజున ఆ కరెన్సీ విలువ తగ్గుతుంది. బయటివాళ్ళకు ఆ దేశపు సరుకు చవకవుతుంది. మళ్ళీ కొనడం మొదలుపెడతారు. వడ్డీ రేటు కూడా తన ఒంటికి తగ్గట్టు పెంచుకుంటుంది, తగ్గించుకుంటుంది. ఉమ్మడి కరెన్సీలో చేరితే ఈ రెండూ పోతాయి. ఒకే పొయ్యి మీద, ఒకే మంట మీద, ఒక గిన్నెలో పాలూ ఇంకో గిన్నెలో కందిపప్పూ పెట్టినట్టుంటుంది. పప్పు ఉడకాలని మంట పెంచితే పాలు పొంగిపోతాయి. పాల కోసం తగ్గిస్తే పప్పు పలుకులుగానే ఉంటుంది. ఇంతకీ మంట తిప్పే మర ఎప్పుడూ పప్పువాళ్ళ చేతిలోనే ఉంటుంది. పాలవాళ్ళను మాత్రం క్రమశిక్షణ నేర్చుకోమంటారు.

"మరి డాలర్ పనిచేస్తోంది కదా, యాభై రాష్ట్రాలకీ ఒకటే కదా" అంటారు మావాళ్ళు. పనిచేస్తోంది. ఎందుకో చెబుతాను. వర్జీనియాలో మేం కట్టే పన్నులో కొంత పేద రాష్ట్రమైన మిసిసిపీకి పోతుంది. పోతోందని మా వీధిలో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే డాలర్ బలం. తెలిసిందంటే మా ఇంటి ఓనర్ల సంఘం వాళ్ళు మిసిసిపీ మీద కూడా మీటింగ్ పెడతారు. ఒక రాష్ట్రంలో పని దొరక్కపోతే ట్రక్కు అద్దెకు తీసుకుని ఇంకో రాష్ట్రానికి పోతారు. కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ లాంటి ఖరీదైన ఊళ్ళో ఇల్లు కొనలేనివాళ్ళు టెక్సస్ వెళ్ళి రెండు కొంటున్నారు. వీసా అక్కర్లేదు, కొత్త భాష అక్కర్లేదు, కొత్త పరీక్ష రాయనక్కర్లేదు. ఒక బ్యాంకు మునిగితే డిపాజిట్ల సంగతి వాషింగ్టన్ చూసుకుంటుంది.

వేరువేరు దేశాలు కలిసినప్పుడు డబ్బు ఒకటవుతుంది, జేబులు మాత్రం వేరుగానే ఉంటాయి. యూరో నోటు మీదలాగ, బొమ్మలు ఎవరినీ నొప్పించకుండా ఉండాలని ఏ ఊళ్ళోనూ లేని వంతెనలు వేస్తారు. ఆ వంతెనల బొమ్మలు చూసినప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు, పైగా డిజైన్ బాగుందనుకున్నాను.

మనవాళ్ళ సంగతీ చెప్పుకోవాలి. ఒకే ఊళ్ళో ఉంటూ, ఒకే గుడికి వెళ్తూ, ఒకే కిరాణా కొట్టులో గోంగూర కొనుక్కుంటూ, ఒక తెలుగు సంఘాన్ని పదేళ్ళపాటు ఒకటిగా ఉంచుకోలేకపోయాం. అది చీలి రెండైతే, ఆ రెండు సంఘాలకూ సభ్యత్వం కట్టినవాడిని నేను. అలాంటివాడిని కూర్చోబెట్టి, భాషలు వేరై, పాత యుద్ధాలు గుర్తున్న దేశాలు కలిసుంటాయో లేదో చెప్పమన్నారు. నేను కూడా ఏమాత్రం తడబడకుండా చెప్పాను.

ఖాళీ వదలొద్దు

విశాఖలో కాలేజీలో అర్థశాస్త్రం చెప్పుకునే నేను నలభైకి దగ్గరపడ్డాక ఈ దేశం వచ్చాను. వచ్చిన కొత్తలో ఒక ప్రైవేటు కంపెనీ ఉద్యోగమిచ్చి వీసా స్పాన్సర్ చేసింది. దేశాల ఆర్థిక ఆరోగ్యం మీద రిపోర్టులు రాసి, వాటికి అప్పులిచ్చేవాళ్ళకూ కొన్నిసార్లు ఆ దేశాలకే కూడా అమ్మడం ఆ కంపెనీ వ్యాపారం. మా బాస్ పేరు వాల్టర్. పొడుగ్గా ఉండేవాడు, మెల్లిగా మాట్లాడేవాడు, ఎవరినీ కసిరేవాడు కాదు. అలాంటి బాస్‌కు ఎదురుచెప్పడం ఎంత కష్టమో అరిచే బాస్ దగ్గర పనిచేసినవాళ్ళకు తెలియదు.

ప్రతి రిపోర్టు చివరా ఒక పట్టిక ఉండేది. అందులో పన్నెండు గడులు. పదకొండో గడిలో ప్రశ్న ఇది: ఈ దేశం ఉమ్మడి కరెన్సీలో కొనసాగలేని పరిస్థితి వస్తే ఏం చేస్తుంది? నాకు మొదట అప్పగించింది దక్షిణాన సముద్రం పక్కనున్న ఒక చిన్న దేశం. పేరు రాయను. ఏ కరెన్సీ అని కూడా అడక్కండి. యూరో అనుకున్నా, ఇంకొకటి అనుకున్నా ఈ కథకు తేడా రాదు. ఆ దేశపు ఒప్పందాలన్నీ చదివాను. చేరడం ఎలాగో వందల పేజీలు రాసుకున్నారు. బయటికి రావడం ఎలాగో ఒక్క పేరా కూడా లేదు. ఆ ప్రశ్న అడగడమే అపశకునమన్నట్టు వదిలేశారు.

పదకొండో గడిలో ఏం రాయాలి? నిజమైన జవాబు "ఎవరికీ తెలియదు". అది రాయడానికి నాకు చెయ్యి రాలేదు. ఖాళీగా వదిలేస్తే సరిపోయేది, కానీ అదీ చేయలేదు. ఎందుకో చెబితే ఇమిగ్రెంట్లు మాత్రమే నన్ను అర్థం చేసుకుంటారు.

ఆ రోజుల్లోనే మా గ్రీన్ కార్డు కాగితాలు మొదలయ్యాయి. లాయరు మొదటి మీటింగ్‌లోనే చెప్పింది. "ప్రసాద్, ఒక్క గడి కూడా ఖాళీ వదలొద్దు. ఖాళీ కనిపిస్తే ఫారం తిప్పి పంపుతారు. నీ దగ్గర జవాబు లేనిచోట ఎన్.ఏ. అని రాసెయ్." ఎన్.ఏ. అంటే నాట్ అప్లికబుల్, వర్తించదని. నేనూ విజయా డైనింగ్ టేబుల్ మీద కూర్చుని రాశాం. ఇంతకుముందు చేసుకున్న భార్యల పేర్లు: ఎన్.ఏ. పనిచేసిన సైనిక దళం: ఎన్.ఏ. వాడిన మారుపేర్లు: ఎన్.ఏ. ఒక వారాంతంలో కొన్ని వందల ఎన్.ఏ.లు రాసుంటాను. సోమవారం ఆఫీసుకు వెళ్ళి పట్టిక తెరిచాను. పదకొండో గడి ఖాళీగా కనిపించింది. చెయ్యి దానంతట అదే ఎన్.ఏ. అని కొట్టింది.

ఎవరూ అడగలేదు. వాల్టర్ సంతకం పెట్టాడు. తర్వాతి ఏడాది పాత పట్టికను కాపీ చేసి అంకెలు మార్చాను. గడి అలాగే ఉంది. ఆపై ఏడాదీ అంతే. నా రాతలన్నిటిలో అన్నాళ్ళు చెక్కుచెదరకుండా నిలబడింది అదొక్కటే.

ఒక్కసారి చూసిన దేశం

అన్నేళ్ళలో ఆ దేశానికి నేను వెళ్ళింది ఒక్కసారి. దేశం దాటితే మళ్ళీ లోపలికి రావడానికి పాస్‌పోర్టులో వీసా స్టాంపు ఉండాలి. అదేమైనా తేడా వస్తే ఇల్లు ఇక్కడ, మనిషి అక్కడ. "స్టాంపింగ్‌లో ఇరుక్కుంటే పిల్లని స్కూల్‌కి ఎవరు డ్రాప్ చేస్తారండీ?" అనేది విజయ. కాబట్టి ఆ దేశపు జనం ఏం తింటున్నారో, ఎలా బతుకుతున్నారో వాషింగ్టన్‌లో పొటోమాక్ నది ఒడ్డున కూర్చునే తెలుసుకునేవాణ్ణి. నా రిపోర్టుల్లో మాత్రం "క్షేత్రస్థాయి అవగాహన" అనే మాట ఉండేది.

ఒక ఏడాది కొత్త స్టాంపు పడింది. ధైర్యం చేసి వెళ్ళాను. అక్కడి ఆర్థిక శాఖలో మా రిపోర్టులు చూసే అధికారి మార్తా. వయసులో నాకంటే పదేళ్ళు చిన్న. మీటింగుల మధ్య తన డబ్బాలోంచి తీసి తినేది, నాకూ పెట్టేది. రెండో రోజు, "అంకెలు చాలు, మా ఊరు రండి" అని బస్సెక్కించింది. రెండు గంటల ప్రయాణం. ఆమె అన్నగారికి నేల మీద పరిచే రంగు పలకలు చేసే చిన్న కార్ఖానా ఉంది. తాతల నాటిది. వెళ్ళేసరికి బట్టీ చల్లగా ఉంది. ఏడుగురు పనివాళ్ళలో ఇద్దరే మిగిలారు.

"ఇదివరకు అమ్మకాలు పడిపోతే మా కరెన్సీ కూడా పడేది" అంది మార్తా. "బయటివాళ్ళకి పలకలు చవకయ్యేవి. కొన్నాళ్ళకి బట్టీ మళ్ళీ వెలిగేది. ఇప్పుడు కరెన్సీ పడదు. అందుకని మా అన్నయ్య మనుషుల జీతాలు పడేశాడు. అదీ చాలక మనుషుల్నే తీసేశాడు."

మా ఆఫీసులో దీనికి "అంతర్గత సర్దుబాటు" అని పేరు. ఆ మాట నేనే ఎన్నోసార్లు వాడాను. సర్దుకున్నవాళ్ళను చూడటం మాత్రం అదే మొదలు. ఆ అన్నగారు నాకు కాఫీ ఇచ్చి, కుర్చీ తుడిచి వేశాడు. నేను వచ్చిన పనేమిటో ఆయనకు చెల్లెలు చెప్పినట్టు లేదు.

తిరుగు బస్సులో మార్తా అడిగింది. "మీ పట్టికలో పదకొండో గడిలో ఎన్.ఏ. అని ఉంటుంది. అంటే ఏమిటి? అలాంటి రిస్కు లేదనా, మీకు తెలియదనా?"

నిజం చెప్పాను. ఆ విషయంలో మాత్రం నన్ను నేను మెచ్చుకుంటాను. "తెలియదని" అన్నాను.

"మా అప్పుల ప్లాను రాసింది నేనే. మీ రిపోర్టు చూసి, రిస్కు లేదని రాశాను. మంత్రిగారు అది పట్టుకునే సంతకం పెట్టారు. మీ ఇంగ్లిష్‌లో ఈ రెండు సంగతులకీ ఒకే మాటా?"

"ఇంగ్లిష్ తప్పు కాదు" అన్నాను.

వాల్టర్ ఎర్ర పెన్ను

తిరిగొచ్చాక ఆ ఏడాది పదకొండో గడిలో రెండు పేరాలు రాశాను. ఈ దేశం బయటికి వెళ్ళాలనుకుంటే దారి ఎవరి దగ్గరా లేదు, లోపల ఉండాలంటే జనం ఇంకా ఎంతకాలం ఓర్చుకుంటారో ఎవరూ లెక్కవేయలేదు, అది మాకూ తెలియదు అని. నా జీవితంలో నేను రాసిన ఆర్థిక శాస్త్రంలో కాస్త పనికొచ్చేది అదేనేమో. వాల్టర్ తన గదిలోకి పిలిచాడు. రెండు పేరాల మీదా ఎర్ర గీత ఉంది.

"ఇది నిజమేనా ప్రసాద్?"

"నిజమే."

"నిజమని నాకూ తెలుసు. కానీ మనం రాస్తే రేపు పేపర్లో వస్తుంది. ఎల్లుండి జనం బ్యాంకుల ముందు వరుస కడతారు. దాంతో మనం రాసింది జరిగి కూర్చుంటుంది. నిప్పుపెట్టినవాడు అగ్గి వస్తుందని ముందే చెప్పానంటే ఎవరైనా మెచ్చుకుంటారా?"

యువతకు నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది, కాబట్టి కాస్త ఆగుతాను. వాల్టర్ మాట తప్పు కాదు. సగం ఒప్పు. ఉమ్మడి కరెన్సీ అందరూ నమ్మినంతకాలం నడుస్తుంది, నమ్మకం గురించి గట్టిగా మాట్లాడితేనే నమ్మకం చెడుతుంది. మా వృత్తిలో పెద్ద పాపాలన్నీ ఇలాంటి సగం ఒప్పుల మీదే జరిగాయి. పూర్తిగా తప్పు మాట చెప్పే బాస్‌ను మీరు సులభంగా పట్టుకుంటారు. సగం ఒప్పు చెప్పేవాడికి టీ తాగుతూ తలూపి వస్తారు.

"పోనీ, తెలియదు అని ఒక్క మాట రాద్దాం" అన్నాను.

"తెలియదు అనడానికి మనకెవరూ డబ్బివ్వరు" అన్నాడు. కాగితం నా వైపు జరిపి, లేవబోతూ అడిగాడు. "మీ అమ్మాయి ఎలా ఉంది? ఇరవై వచ్చాయా?"

అతను మర్యాదకు అడిగాడో, ఇంకెందుకు అడిగాడో నాకు ఈనాటికీ తెలియదు. నా దరఖాస్తు కంపెనీ పేరు మీద ఉంది. వరుసలో ఏళ్ళ తరబడి నిలబడి ఉన్నాం. అమ్మాయికి ఇరవై ఒకటి నిండేలోపు కార్డు రాకపోతే మా దరఖాస్తులోంచి ఆమె పేరు పోతుంది. మూడేళ్ళ పిల్లగా వచ్చినది, ఇక్కడ తప్ప ఇంకెక్కడా స్కూల్ మొహం చూడనిది, విదేశీ విద్యార్థినిగా వీసా తెచ్చుకోవాలి, లేదా దేశం వదలాలి. ఉద్యోగం పోతే కాగితాలు మళ్ళీ మొదటినుంచి. ఇవన్నీ వాల్టర్‌కు తెలుసు, సంతకాలు పెట్టేది అతనే కాబట్టి.

సీటుకు వచ్చి రెండు పేరాలూ తీసేశాను. మళ్ళీ ఎన్.ఏ. అని కొట్టాను. ఈసారి చెయ్యి దానంతట అది కొట్టలేదు. నేనే కొట్టాను.

చూస్తాను

తర్వాత జరిగింది మీరు వార్తల్లో చూసే ఉంటారు, ఏదో ఒక దేశం విషయంలో. ఆ చిన్న దేశానికి కొత్త అప్పులు పుట్టలేదు. పెన్షన్లు కోశారు, ఆసుపత్రుల్లో మనుషుల్ని తగ్గించారు. ఉత్తరాది దేశాల మంత్రులు ఒకరి తర్వాత ఒకరు వచ్చి పొదుపు మీద ఉపన్యాసాలిచ్చి, అక్కడి చేపల కూర బాగుందని చెప్పి వెళ్ళారు. మా కంపెనీ వెంటనే ఒక ప్రత్యేక రిపోర్టు వేసింది. సంక్షోభం లక్షణాలు ముందే కనిపించాయని అందులో రాశాం. ఎవరికి కనిపించాయో రాయలేదు.

కొత్త ప్రభుత్వం వచ్చింది. వచ్చిన ప్రభుత్వానికి ఒక దోషి కావాలి. మంత్రి ఎలాగూ దొరకడు. ప్లాను కింద సంతకం ఉన్న అధికారి దొరుకుతుంది. మార్తా మీద విచారణ వేశారు.

ఆమె నాకు ఫోన్ చేసింది. ఏడవలేదు, నిందించలేదు. "మీ కంపెనీ కాగితం అక్కర్లేదు. మీ పేరుతో మూడు వాక్యాలు చాలు. ఆ గడిలో మీరు రాసినదానికి తెలియదని అర్థం. ఆ సంగతి నేను అడిగితేనే బయటపడింది. మీ రిపోర్టు చదివిన ఎవరైనా నాలాగే పొరబడేవాళ్ళు. ఇంతే. ఉద్యోగం పోతుందని కాదు ప్రసాద్, దేశాన్ని ముంచింది నేనని రాస్తారు. మా ఊళ్ళో ఆ కాగితం అందరూ చదువుతారు."

"లెట్ మీ సీ" అన్నాను.

మన తెలుగువాళ్ళం పెళ్ళి సంబంధం నచ్చకపోయినా, చందా ఇవ్వదలచుకోకపోయినా "చూద్దాం" అంటాం. విన్నవాడు అర్థం చేసుకుని లేచిపోతాడు. ఎవరి మర్యాదా చెడదు. నేను అన్నది ఆ చూద్దామే, కాకపోతే ఇంగ్లిష్‌లో. మార్తా అది ఇంగ్లిష్‌లోనే వింది. నేను నిజంగానే చూస్తున్నాననుకుంది.

లాయరును అడిగాను. "ఇప్పుడు దేన్నీ కదపకు. గ్రీన్ కార్డు వరుసలో నీ తేదీ దగ్గరపడుతోంది" అంది. విజయకు చెప్పాను. "ఆవిడ పాపం" అంది, ఆ వెంటనే "మన పిల్లండీ" అంది. ఆ రెండు మాటల్లో ఏది సలహానో నేను అడగలేదు. ఉత్తరం మాత్రం రాశాను, ఆ రోజే. మూడు వాక్యాలకు బదులు పదకొండు వచ్చాయి. పంపకుండా దాచాను.

రెండు వారాలకు మార్తా మెయిల్ ఇచ్చింది. చూశారా అని. చూస్తున్నానని జవాబిచ్చాను. మళ్ళీ ఒకసారి అడిగింది. మళ్ళీ అదే రాశాను. తర్వాత అడగడం మానేసింది.

అమ్మాయికి ఇరవై ఒకటి నిండడానికి నెలన్నర ముందు మాకు కార్డులొచ్చాయి. అమ్మాయి కవరు చింపి, ఫోటోలో తన జుట్టు బాగాలేదంది. నేను సోఫాలో కూర్చుని ఏడ్చాను. సంతోషమే అనుకుని విజయ పాయసం చేసింది. మర్నాడు పొద్దున్నే ఉత్తరం పంపాను. దానికి జవాబు రాలేదు. అప్పటికే విచారణ ముగిసిందనీ, ఆమెను తొలగించారనీ పేపర్లో చదివి తెలుసుకున్నాను.

ఆ ఉత్తరం సంగతి వాల్టర్‌కు తెలుసో లేదో నాకు తెలియదు. మరుసటి ఏడాది నాకు పెద్ద టైటిల్ ఇచ్చారు.

హాసినికి

నీ మొదటి నోట్ కోసం నన్ను సలహా అడిగావు. ఆ దేశాలకు ఒకే నోటు కావాలని ఎందుకుందో నువ్వు రాయనక్కర్లేదు, వాళ్ళే పాటలు కట్టి మరీ చెబుతారు. ఒక దేశం మునుగుతుంటే పక్క దేశపు బస్ డ్రైవరు తన పన్నులోంచి ఇస్తాడా, ఇస్తున్నట్టు తెలిసినా ఇస్తాడా అని చూడు. అక్కడ పని పోయినవాడు ఇక్కడికి వస్తే ఇల్లు అద్దెకిస్తారా అని చూడు. ఇవ్వరు అని తేలితే ఆ కరెన్సీ వెంటనే పోతుందని మాత్రం రాయకు. పోదు. బయటికి వెళ్ళడం ఇంకా ఖర్చు కాబట్టి దశాబ్దాలు నడుస్తుంది. బలంలేని దేశాల్లో బట్టీలు ఆరిపోతూ ఉంటాయి, మధ్యలో శిఖరాగ్ర సమావేశాలు జరుగుతూ ఉంటాయి. జనం మళ్ళీ మళ్ళీ ఒప్పుకుంటే నిలబడుతుంది, ఏదో ఒక ఎన్నికలో ఒప్పుకోకపోతే ఆ వారంలోనే పడుతుంది. ఆ వారం ఏదో నాలాంటివాడు ఎవడూ చెప్పలేడు. చెప్పగలనన్నవాడికి ఉద్యోగం ఇస్తారు.

ఇంకొకటి. ఇలాంటి కూటమిలో ఒక దేశం సిగ్గుపడకుండా "ఇప్పుడు నా వల్ల కాదు, కొంచెం ఆగండి" అని ముందే చెప్పే చోటు ఉందో లేదో వెతుకు. నేను చూసిన ఒప్పందాల్లో లేదు. అందరూ చివరిదాకా బాగున్నాం అంటారు. మా ఆఫీసులోనూ అంతే అనేవాళ్ళం.

ఇది రాసే ముందు మార్తాకు ఫోన్ చేశాను. పేరు మార్చినా, ఆమె కథ ఆమెను అడక్కుండా రాయడం తప్పనిపించింది. నంబరు దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. ఆమె ఇప్పుడు ఆ ఊళ్ళోనే హైస్కూల్లో లెక్కలు చెబుతోంది. అన్నగారు పోయారు. కార్ఖానా స్థలంలో పర్యాటకుల హోటల్ వచ్చింది. నా గొంతు గుర్తుపట్టింది.

"రాసుకోండి" అంది. "మీ ఉత్తరం వచ్చింది. బాగా రాశారు. కొంచెం పొడుగు."

"ఆలస్యమైంది" అన్నాను.

"ఎందుకైందో మాత్రం అందులో రాయలేదు. చాలాకాలం ఆలోచించాను. మీ కంపెనీ ఆపిందేమో అనుకున్నాను."

అప్పుడు చెప్పాను. కార్డు గురించి, వరుస గురించి, అమ్మాయి వయసు గురించి. అయిపోయాక ఆమె అడిగింది.

"కార్డు ఎప్పుడొచ్చింది?"

"మీ విచారణ ముగిసిన మూడు వారాలకి."

"మూడు వారాలా?"

"అవును."

అవతల పిల్లల అల్లరి వినిపించింది. ఆమె వాళ్ళ భాషలో ఎవరినో ఆగమంది. తర్వాత నెమ్మదిగా, పాఠం చెబుతున్నట్టే చెప్పింది.

"రెండు నెలలు వాయిదా అడిగే హక్కు నాకు ఉండేది ప్రసాద్. సాక్ష్యం ఇంకా రాలేదని రాసిస్తే చాలు, ఇచ్చేవాళ్ళు. మీకో కూతురుందని, మీకు భయంగా ఉందని ఒక్క మాట చెప్పి ఉంటే నేను ఆగేదాన్ని. మీరు చూస్తున్నారు కదా అని వాయిదా అడగలేదు."